పాత మీడియా ప్లేయర్‌లో ఆన్‌లైన్ టీవీ స్ట్రీములు ప్లే చేయడం ఎలా?

టీవీకి తగిలించిన మీడియా ప్లేయర్ పెన్‌డ్రైవ్‌లోని వీడియోలన్నీ చక్కగా చూపిస్తుంది. అదే ప్లేయర్‌కు ఒక ఛానల్ ఆన్‌లైన్ స్ట్రీము చిరునామా ఇస్తే, ‘ఈ ఫార్మాట్‌కు సపోర్ట్ లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. స్ట్రీము ప్లేలిస్టును చదవడం ప్లేయర్‌కు రాకపోవచ్చు, సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరకపోవచ్చు, వీడియోను మోసుకొచ్చే కంటెయినర్ దానికి కొత్తది కావచ్చు, లేదా లోపలి కోడెక్‌ను, అంటే వీడియోను కుదించిన పద్ధతిని, విప్పే సామర్థ్యం దాని చిప్‌కే లేకపోవచ్చు. మొదటి మూడింటిని వీడియోను ముట్టుకోకుండానే సరిచేయవచ్చు. నాలుగోదానికి మాత్రమే కంప్యూటర్ నిజంగా కష్టపడాలి. చాలామంది మొదటే ఆ నాలుగో కారణాన్ని ఖాయం చేసుకొని, వీడియో మొత్తాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయడానికి దిగుతారు. దానివల్ల బొమ్మ నాణ్యత తగ్గుతుంది, కంప్యూటర్ వేడెక్కుతుంది, అసలు సమస్య ఒక్కోసారి అలాగే మిగిలిపోతుంది. అందుకే తేడా ఎక్కడుందో ముందు కనిపెట్టి, ఆ ఒక్కచోటే మార్పు చేయాలన్నది ఈ పద్ధతికి మూలం.

దీనికి ప్లేయర్ ఉన్న రౌటర్‌కే కలిసిన ఒక కంప్యూటరు, అందులో వీఎల్‌సీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు కావాలి. కంప్యూటరు కొత్తది కానవసరం లేదు.

మొదటి అడుగు: స్ట్రీమును కంప్యూటర్‌లో పరీక్షించండి

ప్లేయర్‌ను కాసేపు పక్కన పెట్టి, వీఎల్‌సీలో మీడియా మెనూ తెరిచి, ‘ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్’ ఎంచుకొని, ఛానల్ చిరునామాను అందులో పేస్ట్ చేయండి. చాలా ప్రసార సంస్థలు ఉచిత ఛానళ్ల స్ట్రీము చిరునామాను తామే ప్రకటిస్తాయి. ప్రకటించకపోతే, ఆ ఛానల్ వెబ్ పేజీని బ్రౌజర్‌లో తెరిచి, ఎఫ్12 కీ నొక్కి, డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘ఎం3యూ8’ అనే అక్షరాలను ఇంగ్లీషులో టైప్ చేసి వడకట్టి, పేజీని మళ్లీ లోడ్ చేస్తే ప్లేలిస్టు చిరునామా కనిపిస్తుంది. చిరునామా చివర పొడవాటి అక్షరాల వరుస ఉంటే అది కొంతసేపటికే చెల్లే టోకెన్ అయి ఉండవచ్చు. అలాంటి చిరునామాను ప్లేయర్‌లో శాశ్వతంగా సేవ్ చేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

వీఎల్‌సీలో స్ట్రీము వచ్చిందంటే సగం పని అయినట్టే. బ్రౌజర్‌లో వచ్చి వీఎల్‌సీలో రాకపోతే రెండు కారణాలు చూడండి. కొన్ని సర్వర్లు యూజర్ ఏజెంట్, రెఫరర్ అనే హెడర్లను, అంటే ఏ ప్రోగ్రాము ఏ పేజీ నుంచి అడుగుతోందో తెలిపే వివరాలను చూసి, తమ పేజీ నుంచి వచ్చిన అభ్యర్థనలనే అనుమతిస్తాయి. రెండో కారణం డీఆర్‌ఎం, అంటే అనుమతి లేనివారు చూడకుండా వీడియోకు వేసే తాళం. గూగుల్ వారి వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే ఈ కోవలోనివే. ఇవి ఉన్న స్ట్రీము తాళం చెవిని అనుమతి పొందిన యాప్‌కో బ్రౌజర్‌కో మాత్రమే ఇస్తుంది. ఇక్కడ ఆగిపోవడమే సరైన పని. ఆ తాళాన్ని పగలగొట్టే ప్రయత్నం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, పైగా ఈ వ్యాసంలోని ఏ పద్ధతీ దానికి పనికిరాదు. అలాంటి ఛానల్ కావాలంటే ఆ సంస్థ యాప్ నడిచే స్ట్రీమింగ్ స్టిక్‌ను టీవీకి తగిలించండి, లేదా ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా తాళం లేని, చూడటానికి మీకు హక్కు ఉన్న స్ట్రీముల గురించే.

రెండో అడుగు: ప్లేలిస్టును తెరిచి చదవండి

ఈ అడుగును చాలామంది దాటేస్తారు కానీ, అన్నిటికంటే ఎక్కువ సమాచారం దొరికేది ఇక్కడే. ఇప్పటి ఆన్‌లైన్ టీవీలో అధిక భాగం హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో నడుస్తుంది. ఆపిల్ సంస్థ 2009లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి వివరాలు 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడ్డాయి. ఇందులో వీడియో ఒకే ధారగా రాదు. కొన్ని సెకన్ల నిడివి ఉన్న చిన్న చిన్న ఫైళ్లుగా వస్తుంది, వాటి జాబితా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారంలో ఆ జాబితా ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది కాబట్టి, ప్లేయర్ దాన్ని పదే పదే అడిగి తెచ్చుకోవాలి. 2009కి ముందు తయారై, తర్వాత అప్‌డేట్ అందని ప్లేయర్‌కు ఈ సంగతే తెలియదు. జాబితా ఫైలునే వీడియో అనుకొని చదవబోయి, అర్థం కాక చేతులెత్తేస్తుంది.

చిరునామాలోని ఫైలును డౌన్‌లోడ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లోపల సెకన్ల సంఖ్యలతో పాటు వరుసగా ఫైలు పేర్లు ఉంటే అది అసలు జాబితా. అలా కాకుండా బ్యాండ్‌విడ్త్, రెజల్యూషన్, కోడెక్స్ అనే వివరాలతో నాలుగైదు వేరే చిరునామాలు ఉంటే అది మాస్టర్ ప్లేలిస్టు. అంటే ఒకే ఛానల్‌ను వేర్వేరు నాణ్యతల్లో చూపే జాబితాలకు ఇదొక జాబితా. హెచ్‌ఎల్‌ఎస్ కొంతవరకే తెలిసిన ప్లేయర్లు చాలాసార్లు ఈ మాస్టర్ దగ్గరే తడబడతాయి. లోపలి చిరునామాల్లో 720 రెజల్యూషన్ ఉన్నదాన్ని నేరుగా ఇస్తే, ఇంకే మార్పూ లేకుండా ప్లే కావచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. మాస్టర్‌లో ఆడియో కోసం విడిగా ‘మీడియా’ వరుస ఉండి, దానికి సొంత చిరునామా ఉంటే, మీరు ఎంచుకున్న జాబితాలో బొమ్మ వస్తుంది గానీ శబ్దం రాదు. అలాంటప్పుడు ఐదో అడుగులోని రిలే పద్ధతే దారి.

ఇప్పుడు కోడెక్స్ అనే మాట పక్కన కోట్స్‌లో ఉన్న అక్షరాలను చూడండి. ‘ఏవీసీ1’ అని మొదలైతే వీడియో హెచ్.264 కోడెక్‌లో ఉంది. చుక్క తర్వాత ఉండే ఆరు అక్షరాలను రెండేసి చొప్పున విడదీయండి. మొదటి రెండు ప్రొఫైల్‌ను, అంటే కోడెక్‌లోని ఏ సదుపాయాలు వాడారో తెలుపుతాయి. 42 ఉంటే బేస్‌లైన్, 4డీ ఉంటే మెయిన్, 64 ఉంటే హై. చివరి రెండు లెవల్‌ను, అంటే వీడియో చిప్‌పై మోపే భారం స్థాయిని పదహారు ఆధారపు సంఖ్యల్లో తెలుపుతాయి. 1ఎఫ్ అంటే 3.1, 28 అంటే 4.0, 29 అంటే 4.1, 2ఏ అంటే 4.2. పాత ప్లేయర్లలో ఎన్నో 4.1 దగ్గర ఆగిపోతాయి. 1080 రెజల్యూషన్‌లో సెకనుకు 30 ఫ్రేముల వరకు ఆ లెవల్ సరిపోతుంది. క్రీడా ఛానళ్లలో తరచుగా కనిపించే 50, 60 ఫ్రేములకు 4.2 కావాలి. వార్తల ఛానల్ బాగా వచ్చి క్రీడల ఛానల్ మాత్రం రాకపోతే, ముందు ఈ రెండు అక్షరాలనే చూడండి. ‘హెచ్‌వీసీ1’ లేదా ‘హెచ్‌ఈవీ1’ అని ఉంటే 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, ‘ఏవీ01’ అని ఉంటే 2018లో వచ్చిన ఏవీ1. ఆ ఏళ్లకు ముందు తయారైన చిప్పులకు వీటిని విప్పే హార్డ్‌వేర్ ఉండదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఆ లోటును తీర్చలేదు. అయితే మాస్టర్ ప్లేలిస్టులో చాలాసార్లు తక్కువ నాణ్యత వరుసలు ఇంకా హెచ్.264లోనే ఉంటాయి కాబట్టి, నిరాశ పడే ముందు జాబితా చివరి దాకా చదవండి.

చిరునామా ‘ఎంపీడీ’ అక్షరాలతో ముగిస్తే అది డాష్ పద్ధతి. అందులో వీడియో, ఆడియో సాధారణంగా విడివిడిగా వస్తాయి, పాత ప్లేయర్లకు అది బొత్తిగా తెలియదు. అదే ఛానల్‌కు హెచ్‌ఎల్‌ఎస్ చిరునామా కూడా ఉందేమో ముందు వెతకండి. ‘ఆర్‌టీఎంపీ’తో మొదలయ్యే చిరునామాలు ఫ్లాష్ కాలం నాటివి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది, ప్రేక్షకులు చూసే ఆ రకం స్ట్రీములు చాలావరకు మూతపడ్డాయి.

మూడో అడుగు: ప్లేయర్ తేదీ, భద్రతా సర్టిఫికెట్లు

ప్లేయర్ సెట్టింగ్స్‌లో తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూడండి. బ్యాటరీ లేని ప్లేయర్ కరెంటు పోయి వచ్చాక తేదీని 1970కో, తాను తయారైన ఏడాదికో వెనక్కి తిప్పుకోవచ్చు. అప్పుడు సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రానట్టు కనిపించి, కనెక్షన్ తెగిపోతుంది. తేదీ సరిగా ఉన్నా సమస్య మిగిలితే మరో రెండు కారణాలున్నాయి. సురక్షిత కనెక్షన్‌కు వాడే టీఎల్‌ఎస్ పద్ధతిలో 1.0, 1.1 వెర్షన్లను వాడకూడదని 2021 మార్చిలో అధికారికంగా ప్రకటించాక సర్వర్లు వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా ఆపేశాయి. అదే ఏడాది సెప్టెంబరు 30న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లను గుర్తించడానికి పాత పరికరాలు ఆధారపడిన ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరింది. నిన్నటి దాకా వచ్చిన స్ట్రీము ఒక రోజున హఠాత్తుగా ఆగిపోయి, అప్పటి నుంచి రాకపోవడానికి కారణం తరచుగా ఇలాంటిదే. తయారీదారు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇస్తే వేయండి. ఇవ్వకపోతే సురక్షిత కనెక్షన్ పనిని కంప్యూటర్‌కు అప్పగించాలి. అదెలాగో ఐదో అడుగులో ఉంది.

నాలుగో అడుగు: చిరునామాను ప్లేయర్‌కు అందించండి

చాలా ప్లేయర్లలో చిరునామా టైప్ చేసే చోటే ఉండదు. అంతమాత్రాన అవి నెట్‌వర్క్ స్ట్రీమును తెరవలేవని కాదు. నోట్‌ప్యాడ్‌లో ఒక్క వరుసలో స్ట్రీము చిరునామా రాసి, ఫైలును ‘ఎం3యూ’ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్లేయర్‌లో తెరవండి. ఛానల్ పేరును ఫైలు పేరుగా పెట్టుకుంటే జాబితాలో సులువుగా దొరుకుతుంది. కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్ ప్రోగ్రామును వాడే పరికరాలైతే ఇదే పద్ధతిలో ‘ఎస్‌టీఆర్‌ఎం’ ఎక్స్‌టెన్షన్‌తో చేసిన ఫైలును తీసుకుంటాయి. సేవ్ చేసేటప్పుడు నోట్‌ప్యాడ్ తనకు తానుగా చివర ‘టీఎక్స్‌టీ’ చేర్చకుండా, ఫైలు రకం దగ్గర ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోండి.

ఐదో అడుగు: కంప్యూటర్‌ను రిలేగా నిలపండి

ఇంతవరకూ ఫలితం రాకపోతే, వీడియో కోడెక్ ప్లేయర్‌కు తెలిసినదే అయినంత వరకు ఈ అడుగుతో పని పూర్తవుతుంది. కంప్యూటరు ఇంటర్నెట్ నుంచి హెచ్‌ఎల్‌ఎస్ ముక్కలను సురక్షిత కనెక్షన్‌లో తెచ్చుకొని, వాటిని ఒకే అఖండ ధారగా కలిపి, ఇంటి నెట్‌వర్క్‌లో మామూలు హెచ్‌టీటీపీ చిరునామాగా అందిస్తుంది. లోపలి వస్తువును కదపకుండా డబ్బా మాత్రమే మార్చడం అన్నమాట. బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, ప్రాసెసర్‌పై భారం దాదాపు ఉండదు. కొత్త డబ్బాగా ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమును, అంటే టీఎస్‌ను ఎంచుకోండి. డిజిటల్ టీవీ ప్రసారాలు ఏళ్ల తరబడి వాడుతున్న కంటెయినర్ ఇదే కాబట్టి చాలా ప్లేయర్లకు ఇది తెలుసు. పైగా 188 బైట్ల చిన్న ప్యాకెట్లుగా ఉండటం వల్ల, ధార మధ్యలో చేరిన ప్లేయర్ కూడా దారి పట్టుకోగలదు. ఎంపీ4కు ఈ సౌలభ్యం లేదు.

వీఎల్‌సీతో చేయడం సులువు. 1990లలో పారిస్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో పంపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టులోంచి పుట్టిన ప్రోగ్రాము కనుక, చూపడమే కాదు, ప్రసారం చేయడం కూడా దానికి మొదటి నుంచీ తెలిసిన విద్య. మీడియా మెనూలో ‘స్ట్రీమ్’ ఎంచుకొని, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఛానల్ చిరునామా ఇవ్వండి. గమ్యంగా హెచ్‌టీటీపీని చేర్చి, పోర్టుగా 8080 ఉంచండి. తర్వాతి తెరలో ‘యాక్టివేట్ ట్రాన్స్‌కోడింగ్’ అనే పెట్టెలో టిక్ ఉంటే తప్పకుండా తీసేయండి. ఆ టిక్ మిగిలిపోతే, మనం తప్పించుకోవాలనుకున్న మళ్లీ ఎన్‌కోడ్ చేసే పనే మొదలవుతుంది. చివరి తెరలో వీఎల్‌సీ తాను తయారు చేసిన ఆదేశాన్ని చూపిస్తుంది. అందులో ‘మక్స్’ అనే మాట పక్కన ఎఫ్‌ఎల్‌వీ లాంటిదేదైనా కనిపిస్తే, అక్కడే దాన్ని ‘టీఎస్’గా మార్చి స్ట్రీమ్ బటన్ నొక్కండి. కంప్యూటర్ తెరపై బొమ్మ కనిపించకపోవడం సహజమే, ప్రసారం లోపల నడుస్తూ ఉంటుంది. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే ఇవ్వండి.

ఇప్పుడు నాలుగో అడుగులో చేసిన ఎం3యూ ఫైలులో ఛానల్ చిరునామాకు బదులు కంప్యూటరు చిరునామా రాయండి. హెచ్‌టీటీపీ తర్వాత 192.168.1.20 లాంటి కంప్యూటరు ఐపీ, దాని తర్వాత కోలన్, 8080, చివర ఏటవాలు గీత ఉండాలి, అంటే http://192.168.1.20:8080/ లాగా. ముందుగా మరో ఫోన్‌లోని వీఎల్‌సీలో ఈ చిరునామాను తెరిచి చూడండి. అక్కడ వచ్చి ప్లేయర్‌లో రాకపోతే లోపం ప్లేయర్ వైపు ఉందని, అక్కడా రాకపోతే రిలేలోనో ఫైర్‌వాల్‌లోనో ఉందని నిమిషంలో తేలిపోతుంది.

టెర్మినల్ అలవాటు ఉన్నవారికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మరింత నమ్మకంగా పనిచేస్తుంది. ఇన్‌పుట్‌గా ఛానల్ చిరునామాను, కోడెక్ ఆప్షన్‌కు ‘కాపీ’ అనే విలువను, ఫార్మాట్‌గా ‘ఎంపెగ్‌టీఎస్’ను ఇచ్చి, ‘లిజన్’ ఆప్షన్‌ను 1గా పెట్టి, చివర సొంత చిరునామా, పోర్టు ఇస్తే చాలు. యూజర్ ఏజెంట్, రెఫరర్ హెడర్లు కోరే సర్వర్లకు వాటిని ఇక్కడే చేర్చవచ్చు. ఈ పద్ధతిలో ఒకసారికి ఒక్క ప్లేయరే కలవగలదు, అది వదిలేయగానే ప్రోగ్రాము ముగుస్తుంది. కాబట్టి ఆదేశాన్ని ఒక స్క్రిప్టులో పెట్టి, ముగిసినప్పుడల్లా తిరిగి మొదలయ్యేలా చేసుకోండి.

ఆరో అడుగు: డీఎల్‌ఎన్‌ఏ మాత్రమే తెలిసిన ప్లేయర్లకు

ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలు వీడియోలను పంచుకోవడానికి వాడే పద్ధతే డీఎల్‌ఎన్‌ఏ. కొన్ని టీవీలు, బ్లూరే ప్లేయర్లు ఎం3యూ ఫైలును కూడా తెరవవు. ఇంట్లోని మీడియా సర్వర్ చూపించే జాబితాను మాత్రం చదువుతాయి. వీటికి యూనివర్సల్ మీడియా సర్వర్, సర్వియో లాంటి ప్రోగ్రాములు సరిపోతాయి. వాటిలో ఆన్‌లైన్ స్ట్రీము చిరునామాను చేరిస్తే, ప్లేయర్‌కు అది ఇంటి సర్వర్‌లోని మామూలు వీడియోలాగే కనిపిస్తుంది. జెల్లీఫిన్ అనే మరో మీడియా సర్వర్ అయితే ఛానళ్ల ఎం3యూ జాబితానే టీవీ ట్యూనర్‌గా స్వీకరించి, ఎక్స్‌ఎంఎల్‌టీవీ ఫైలుతో కార్యక్రమాల పట్టికను కూడా చూపిస్తుంది. అయితే దాని ఇటీవలి వెర్షన్లలో డీఎల్‌ఎన్‌ఏను ప్లగిన్‌గా విడిగా చేర్చుకోవాలి. ఒకటి రెండు ఛానళ్ల కోసం ఇంత ఏర్పాటు అక్కరలేదని నా అభిప్రాయం. ఇంట్లో నలుగురు నాలుగు పరికరాల్లో చూసేటప్పుడు మాత్రం ఇదే అన్నిటికంటే తేలిక.

ఏడో అడుగు: తప్పనిసరైతేనే మళ్లీ ఎన్‌కోడ్ చేయండి

ఛానల్ హెచ్‌ఈవీసీలోనో ఏవీ1లోనో మాత్రమే ఉంటే, లేదా లెవల్ ప్లేయర్ పరిధి దాటితే, ఇక వీడియోను మార్చక తప్పదు. అప్పుడు హెచ్.264, హై ప్రొఫైల్, లెవల్ 4.1, ఎనిమిది బిట్ల రంగు, సెకనుకు 25 లేదా 30 ఫ్రేములు, రెండు సెకన్లకు ఒక కీఫ్రేమ్ (ముందు ఫ్రేములతో పని లేకుండా విప్పగల పూర్తి ఫ్రేము) అనే కొలతలు పెట్టుకోండి. 1080 రెజల్యూషన్‌కు సెకనుకు 6 నుంచి 8 మెగాబిట్లు చాలు. ప్రాసెసర్ ఒక్కటే ఈ పని చేస్తే పాత ల్యాప్‌టాప్ త్వరగా వేడెక్కుతుంది. ఇంటెల్ చిప్పుల్లో 2011 నుంచి వచ్చిన క్విక్ సింక్, ఎన్విడియా కార్డుల్లో 2012 నుంచి వచ్చిన ఎన్‌వీఈఎన్‌సీ ఈ భారాన్ని విడి హార్డ్‌వేర్‌కు మారుస్తాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రెండింటినీ వాడుకోగలదు. వీడియో బాగుండి శబ్దం మాత్రమే రాకపోతే, ఆడియోను ఒక్కదాన్నే డాల్బీ వారి ఏసీ3 కోడెక్‌కు మార్చి, వీడియోకు ‘కాపీ’ అలాగే ఉంచండి. ఆప్టికల్ కేబుల్‌తో హోమ్ థియేటర్‌కు కలిపిన ప్లేయర్లలో ఈ మార్పు తరచుగా అవసరమవుతుంది.

నడిచిన స్ట్రీము మధ్యలో ఆగిపోతుంటే

ప్రకటనలు మొదలైన క్షణంలోనే బొమ్మ గడ్డకట్టుకుపోతే, ప్రకటన వీడియో వేరే రెజల్యూషన్‌లోనో వేరే ఆడియో అమరికతోనో వస్తోందని అర్థం. డబ్బా మాత్రమే మార్చే రిలే ఆ మార్పును ఉన్నదున్నట్టు ప్లేయర్‌కు చేరవేస్తుంది, పాత చిప్ దాన్ని తట్టుకోలేదు. ఆ ఒక్క ఛానల్‌కు ఏడో అడుగు పద్ధతి వాడండి. ప్రతిసారీ దాదాపు ఒకే వ్యవధి తర్వాత ఆగుతుంటే టోకెన్ గడువు తీరుతోందని అనుమానించాలి. అప్పుడు ఛానల్ పేజీ నుంచి చిరునామాను తాజాగా తెచ్చుకోక తప్పదు. వేళాపాళా లేకుండా ఆగుతుంటే వైఫైని చూడండి. రిలేలో ఒకే వీడియో కంప్యూటర్‌లోకి ఒకసారి, అక్కడి నుంచి ప్లేయర్‌కు ఇంకోసారి గాలిలో ప్రయాణిస్తుంది కాబట్టి, కంప్యూటర్‌నైనా ఈథర్‌నెట్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే ఆ భారం చాలావరకు తగ్గుతుంది. కదిలే వస్తువుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే స్ట్రీము ఇంటర్‌లేస్డ్‌గా, అంటే ఒక్కో బొమ్మ సరి గీతలు, బేసి గీతలుగా విడిపోయి వస్తోందని గుర్తించి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

అన్నీ కుదిరాక రౌటర్ సెట్టింగ్స్‌లో కంప్యూటర్‌కు ఒక ఐపీ చిరునామాను రిజర్వ్ చేయండి, లేకపోతే ఏదో ఒక రోజు అది మారి ఎం3యూ ఫైలు పనికిరాకుండా పోతుంది. చూస్తున్నంతసేపు కంప్యూటరు స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చండి. 8080 పోర్టును మాత్రం రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు ఫార్వర్డ్ చేయవద్దు. ఈ రిలేకు పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. పైగా ఛానల్ సంస్థ మీరు చూసుకోవడానికి ఇచ్చిన స్ట్రీమును ఊరందరికీ ప్రసారం చేసినట్టవుతుంది.